అద్దం తుడిచిన సాయమ్మ

కృపాకర్ నడిపేది శవాలను ఊళ్లకు చేర్చే వ్యాన్. సూర్యాపేటలో ఓ ఆసుపత్రి ముందు అడ్డా, మిర్యాలగూడలో అద్దె గది. ఇంటి ముందు ఆ బండి ఆగి ఉంటే భార్యకు నిద్ర పట్టేది కాదు. మూడేళ్ల కిందట పెద్దవూరలోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుతుంది, రమ్మంటే మాత్రం మాట మారుస్తుంది. బండెక్కినవాళ్లు వెనక తమ మనిషి దగ్గరే కూర్చుంటారు. ఊరు రాగానే దించుకుని వెళ్లిపోతారు. కృపాకర్‌ను మంచినీళ్లు కావాలా అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ శ్రావణంలో ఒక మధ్యాహ్నం, గరిడేపల్లి అవతల ఒక ఊరికి శంకరయ్య అనే ముసలాయన శవాన్ని తీసుకెళ్లాల్సి వచ్చింది. పిల్లల్లేరు. తమ్ముడు పెద్దయ్య వెనక ఎక్కాడు. భార్య సాయమ్మ మోకాళ్లు వంగక ముందు సీట్లోనే కూర్చుంది.

కుండపోత వాన. ఇద్దరూ తడిసే ఎక్కారు. అద్దం మీదికి గాలి కొట్టే ఫ్యాను పాడై పక్షం రోజులైంది. బయట వైపర్లు ఆడుతూనే ఉన్నాయి, లోపల మాత్రం అద్దమంతా ఆవిరి. అరచేత్తో తుడిస్తే చారలు పడ్డాయి. కిటికీ దించితే జల్లు మొహాన కొట్టింది.

"తొవ్వ కనవడ్తలేదా బిడ్డా?" అంది సాయమ్మ.

"ఆవిరి పడ్తున్నదమ్మా. ఆపుకుంట ఆపుకుంట పోదాం."

ఆమె ఆసుపత్రి సంచి విప్పి పొడి తువ్వాల తీసింది. శంకరయ్యది.

"తడి చెయ్యి పెట్టకు, ఇంక మసకైతది. నువ్వు బండి సూస్కో."

ముందుకు వంగి అతని వైపు అద్దం తుడిచింది. కాసేపటికి మళ్లీ మసక. మళ్లీ తుడిచింది.

"ఇప్పుడు కనవడ్తుందా?"

"కనవడ్తుందమ్మా."

దారి పొడుగునా ఈ రెండు మాటలే. ఒకచోట తుడుస్తూ తుడుస్తూ ఆ తువ్వాలనే మొహానికి అదుముకుని ఏడ్చింది. అద్దం తెల్లబడిపోయింది. కృపాకర్ బండి పక్కకు ఆపాడు. చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఇగ పోనియ్ బిడ్డా," అని మళ్లీ అద్దం మీదికి వంగింది.

ఊళ్లో పాడె మోయడానికి ముగ్గురే తేలారు. పెద్దయ్య అందరి మొహాలూ చూస్తున్నాడు. ఎవరూ అడగకముందే కృపాకర్ చెప్పులు విడిచి భుజం పెట్టాడు. పొలం గట్ల మీద బురదలో నడిచి, అంతా అయ్యాకే వెనుదిరిగాడు.

మర్నాడు పొద్దున్నే కోదాడలో మెకానిక్ దగ్గర ఫ్యాను బాగు చేయించాడు.

పదకొండో రోజు సాయమ్మ ఫోన్ చేసింది. "తినిపోదువు రా బిడ్డా."

జనం ఇబ్బంది పడతారని బండిని ఊరి బయటే ఉంచి నడిచి వెళ్లాడు. ఆమె చెయ్యి పట్టుకుని బంతిలో కూర్చోబెట్టింది. విస్తరి వేశారో లేదో ఫోన్ మోగింది. సూర్యాపేటలో ఎవరో పోయారట, వెంటనే రమ్మన్నారు.

"ఒక్క బుక్కన్న తిని పో."

"వాళ్లు పరేషాన్ల ఉన్నరమ్మా."

స్టీలు డబ్బాలో అన్నం, కూర సర్ది ఇచ్చింది.

తీరా వెళ్తే కాగితాలు ఇంకా కాలేదన్నారు. వానలో తలుపులు మూసుకుని, క్యాబిన్‌లో ఒక్కడే డబ్బా విప్పాడు. కూరలో కారం బాగా ఎక్కువైంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపకుండా అంతా తిన్నాడు.