యజమాని ఫోన్ నుంచి

నేను కరెంటు ఆఫీసులో పనిచేస్తాను. ఫలానా ఇంట్లో లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయి, దయ్యమేదో చేరింది అని కబురొస్తే, వెళ్ళి ఊడిన వైరు బిగించి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఇన్నేళ్ళ సర్వీసులో స్క్రూడ్రైవర్‌కు లొంగని దయ్యాన్ని ఒక్కదాన్నీ చూడలేదు. అలాంటి నేను ఇది రాయడానికి కూర్చుంటే నాకే నవ్వొస్తోంది.

మాది తిరుపతి. ఎలక్ట్రిక్ కారు కొన్నప్పుడు తిరుచానూరులో పూజ చేయించి, తాళం మొదట నాయన చేతిలో పెట్టాం. మా ఇంట్లో ఏది కొన్నా అంతే. కంపెనీ యాప్ ఊరికే మొరాయిస్తోందని, బయటివాళ్ళెవరో తయారుచేసిన ఇంకో యాప్ పెట్టుకున్నాం. తలుపులు తీయడం, వేయడం, ఏసీ నడపడం అన్నీ ఫోన్లోనే. యజమాని ఎవరని అది అడిగితే, అక్కడ కూడా నాయన ఫోనే ఇచ్చాను. నేనూ నా భార్యా ఆయన కింద సభ్యులం. కారు నడిపేది నేనే అయినా, పెద్దాయన ఉండగా నా పేరేమిటి అనుకున్నాను.

తర్వాత నాయన గుండెపోటుతో పోయాడు. ఆయన నంబరు రద్దయింది. ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయి, ఇక పనికిరాదని షాపతను చెప్పేస్తే బీరువాలో పెట్టాం. యాప్‌లో మాత్రం యజమానిగా ఆయన పేరు అలాగే ఉండిపోయింది. తీసేయడానికి చేతులు రాలేదు.

ఈ ఎండాకాలం అమ్మ బాత్‌రూములో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించాను. నొప్పికి నీరసపడిపోతే కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ఏసీ వేసి, ఫోన్‌తోనే తలుపులు లాక్ చేసి, తైలం తీసుకోవడానికి మళ్ళీ కట్టు కట్టే చోటికెళ్ళాను. వెనక తలుపులకు మా పాప కోసం చైల్డ్ లాక్ వేసి ఉంది. అవి లోపలినుంచి తెరుచుకోవు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

తిరిగొచ్చేసరికి ఏసీ ఆగిపోయి ఉంది. యాప్ తెరిస్తే నన్ను బయటికి నెట్టేసింది. మళ్ళీ లోపలికి రావాలంటే యజమాని ఫోన్ నుంచి అనుమతి కావాలంటోంది. తాళంగా పనికొచ్చే కార్డు కారులోనే ఉంది. మిట్టమధ్యాహ్నం, అద్దం మీద చెయ్యి పెడితే కాలింది. లోపల అమ్మ నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. ఎంత బాదినా కళ్ళు తెరవడం లేదు. నాయన పోయిన రోజు కూడా నాకంత భయం వేయలేదు.

పక్కన కొబ్బరిబోండాలు అమ్మే ఆమె అరిచింది. "ఏం సూస్తా ఉండావప్పా? అద్దం పగలగొట్టు! ముసలామె సచ్చిపోతాది!"

రాయి తీసుకుని ముందు తలుపు అద్దం దగ్గర చెయ్యెత్తాను. టక్కుమని లాకులు తెరుచుకున్నాయి. ఏసీ కూడా మొదలైంది.

తలుపు తీసి అమ్మకు నీళ్ళు పట్టించాను. కాసేపటికి తేరుకుంది. అప్పుడు గమనించాను, గాలి కాళ్ళ దగ్గర మాత్రమే వస్తోంది. అమ్మకు మొహం మీద చల్లగాలి పడదని నాయన తన ఫోన్లో అలా అమర్చుకున్నాడు. నా ఫోన్లో ఆ అమరిక లేదు.

ఇంతలో నా ఫోన్లో ఆ యాప్ పేరుతో ఒక మెసేజ్ వచ్చింది. "యజమాని ఫోన్ నుంచి తలుపులు తెరిచారు." వెంటనే నా భార్యకు ఫోన్ చేసి బీరువా చూడమన్నాను. ఉబ్బిన ఫోన్ ఉబ్బినట్టే, ఆఫ్‌లోనే ఉందట.

యాప్ వాళ్ళకు రాశాను. ఆ మధ్యాహ్నం తమ సర్వర్ ఆగిపోయిందనీ, ఎవరి ఫోన్ నుంచీ ఏ కారుకూ ఆదేశం వెళ్ళే వీల్లేదనీ జవాబిచ్చారు. మరి ఆ మెసేజ్ ఎలా వచ్చిందంటే అసౌకర్యానికి చింతిస్తున్నామన్నారు.

ఏర్పేడు దగ్గర కాలేజీలో కంప్యూటర్లు చూసే నా స్నేహితుడు మురళి నన్ను బాగా తిట్టాడు. "ఊరూ పేరూ లేనోళ్ళ చేతిలో పాస్‌వర్డ్ పెడితే అంతేబ్బా. ఎవుడో దొంగోడికి దొరికింటాది." ఆ మాటకు నిజంగా నా మనసు తేలికపడింది. అంతలో వాడే తల గోక్కున్నాడు. "అయినా దొంగోడు కారెత్తుకపోతాడు గానీ, ఏసీ ఏసి పోతాడా?"

ఏదో కారణం ఉండే ఉంటుందని ఇప్పటికీ నమ్ముతాను. అది మాత్రం నాకు దొరకలేదు.

పోయిన వారం ఆ యాప్ తీసేసి, మళ్ళీ కంపెనీ యాప్ పెట్టించాను. యజమానిగా ఈసారి నా పేరే. వెనక సీట్లో కూర్చున్న అమ్మకు ధైర్యం చెబుదామని, ఇక మనం తప్ప ఎవరూ ఈ తలుపులు తీయలేరని చెప్పాను.

అమ్మ కట్టు చేతిని ఒళ్ళో సర్దుకుంటూ, "మీ నాయన కూడానా?" అంది.

ఆ మెసేజ్ సంగతి మేమెవరమూ అమ్మకు చెప్పలేదు. కారు స్టార్ట్ చేశాను.