పైడమ్మక్క రొట్టె, నాకు రాని కోటా బియ్యం

మా తోటికోడలు పైడమ్మ దివంగతురాలైందన్న వార్త నాకు అందరికంటే ఆలస్యంగా అందింది. శిక్షణ తరగతుల కోసం బొబ్బిలి వెళ్లి ఉన్నాను. పాలు పోసే మనిషికి తెలిసింది, మా కోటబొమ్మాళి స్టేషను దగ్గర టీ అమ్మేవాడికి తెలిసింది, ఒకే గోడకు అటూ ఇటూ ఇన్నేళ్లు కాపురం చేసిన నాకు మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళకు ఫోను వచ్చింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ శోకంలోనూ, ఊరంతటికీ తెలిశాక నాకు చెప్పారన్న ఉక్రోషం వచ్చింది. దాచడం దేనికి? ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆవిడంటే నాకు అసూయే.

పెద్దకర్మనాడు పంచే చిన్న పుస్తకానికి నన్ను రాయమన్నది ఆవిడ కూతురు గౌరి. నేను తెలుగు ఉపాధ్యాయురాలిని కదా, అందుకని. అమ్మ మంచిదని అందరూ రాస్తారు పిన్నీ, నువ్వు ఉన్నదున్నట్టు రాయి అంది. అలాగే రాస్తున్నాను.

పైడమ్మక్క పుట్టిల్లు శృంగవరపుకోట వైపు. మా బావగారిది కొద్దిపాటి వరి సేద్యం. మా ఆయనా నేనూ ఉద్యోగస్థులం. అన్నదమ్ములు పంచుకున్న ఇంటికి మధ్యలో గోడ లేచింది. అవతలి ఇంటికి బియ్యం కార్డు ఉంది, ఇవతలి ఇంటికి లేదు. సర్కారు నియమం ప్రకారం అది న్యాయమే. ఆ న్యాయాన్ని పాఠశాలలో అందరికంటే గట్టిగా సమర్థించినదాన్ని కూడా నేనే. ప్రజాధనం అపాత్రదానం కాకూడదనీ, అర్హులను జల్లెడ పట్టి మరీ ఏరాలనీ వాదించేదాన్ని. ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర లేకపోయేది. మా ఎదురింట్లో చేపలమ్ముకునే లచ్చమ్మ కోటా బియ్యం డబ్బాలో పోసుకుని, పొద్దున్నే కోళ్లకు చల్లేది. నా కళ్లెదుటే!

ఒకనాడు ఆ మాటే పైడమ్మక్కతో అన్నాను. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. తల కూడా తిప్పలేదు.

"ఎవులికి ఆకలుందో ఎవులికి నేదో నువ్వు తేల్చీసరికి ఎసరు ఇంకిపోద్ది సెల్లీ. ఆ కోళ్ల గుడ్లు లచ్చమ్మ మనవలు తింతన్నారు కదా. ఇంకేటి?"

నేను వ్యాకరణం చదివినదాన్ని, తర్కం కూడా కొంత చదివినదాన్ని. ఇప్పటికీ నా వాదమే సరైనదని నా నమ్మకం. కానీ ఊళ్లో అందరూ చెప్పుకునేది ఆవిడ మాటే.

ఇక ఆ రొట్టె సంగతి. కోటా బియ్యం వండుకుని తినడం మా వైపు చాలా ఇళ్లలో నామోషీ. నానబోసి, రవ్వ పట్టించి అట్లకూ ఇడ్లీలకూ వాడేస్తారు. పైడమ్మక్క ఆ రవ్వను మినప్పిండిలో కలిపి, ఇనుప మూకుట్లో పోసి, సన్నని సెగ మీద దిబ్బరొట్టె కాల్చేది. అడుగున ఎర్రగా, పెళుసుగా అట్ట కట్టేది. లోపల దూది. ఆ వాసన గోడ దాటి మా వరండాలోకి వచ్చి కూర్చునేది. ఆదివారం పొద్దున్నే మా ఆయన పేపరు మడిచి, ఏదో పనున్నట్టు, వదినా అంటూ అవతలికి వెళ్లిపోయేవారు. నా కొడుకు బడి నుంచి వచ్చి మొదట ఆ గుమ్మమే ఎక్కేవాడు. నేనూ చేశాను, చేయకేం! సన్నబియ్యం మేలైనవి తెచ్చి చేశాను. రొట్టె బంకలా సాగింది. ముతక బియ్యమైతేనే కుదురుతుందట. ఆ బియ్యం అంగడిలో అడగడానికి నాకు అభిమానం, గోడవతల అడగడానికి మరింత అభిమానం.

కార్డుల తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మా వీధిలో చదువుకున్న ఇల్లు మాది. ఆయనకు భోజనం మా ఇంట్లోనే అని నాకు నేనే అనుకుని కోడికూర వండించాను. అనర్హుల గురించి ఆయనతో చెప్పవలసినవన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాను. ఆయన ముందుగా పైడమ్మక్క గుమ్మంలో ఆగాడు. ఈ బియ్యం మీరు నిజంగా తింటున్నారా అని అడిగాడట. ఆవిడ పీట వాల్చింది. అతిథికి కోటా బియ్యపన్నం పెట్టే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆవిడ పెట్టింది. కూరా లేదు, పాడూ లేదు, వంకాయ పచ్చడీ మజ్జిగా. ఆయన మారు అడిగి తిన్నాడు. మా ఇంటికి వచ్చేసరికి కాఫీ కూడా వద్దన్నాడు. ఆ కోడికూర మేము రాత్రి కూడా తిన్నాం.

మరో సంగతి కూడా రాయాలి, ఎందుకంటే మరెవరూ రాయరు. గోడ లేచినా రెండిళ్లకూ కరెంటు మీటరు ఒక్కటే, అదీ బావగారి పేర. మా ఇంట్లో ఏసీ పెట్టాక వాడకం, బియ్యం కార్డుకు సర్కారు పెట్టిన పరిమితి దాటింది. కార్డు నిలిచిపోయింది, పైడమ్మక్కది. వేసవి ఎండలో కరెంటాఫీసు చుట్టూ తిరిగి వేరే మీటరు వేయించింది ఎవరు? నేను. కార్డు తిరిగి వచ్చేదాకా ఏం జరిగిందో తెలుసా? రేషను డిపో నుంచి వచ్చే ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగి, తమ సంచిలోంచి గిద్దెడో సోలెడో ఆవిడ డబ్బాలో పోసి వెళ్లారు. ఎవరూ పురమాయించలేదు. లచ్చమ్మ అయితే, మా కోళ్లు ఈ నెల పురుగులు ఏరుకుంటాయిలే అందట. ఈ కథ ఊరంతా చెప్పుకుంటుంది. మీటరు సంగతి ఒక్కరూ ఎత్తరు. నాకు అంతమంది, అలా అడక్కుండా, ఎప్పుడైనా ఏమైనా ఇచ్చారా అని ఆ వేసవంతా ఆలోచించాను.

బొబ్బిలి నుంచి వచ్చేసరికి ఆవిడను వాకిట్లో పడుకోబెట్టారు. చివరిసారి నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేసే ఆచారం మాది. నెలాఖరు. ఆవిడ డబ్బా బోర్లిస్తే గింజ లేదు. ఎవరికి పోసిందో ఏమో! నేను గబగబా మా ఇంట్లోకి వెళ్లి, మల్లెమొగ్గల్లాంటి సన్నబియ్యం వెండి గిన్నెలో తెచ్చాను. గౌరి నా చెయ్యి పట్టుకుంది.

"వొద్దు పిన్నీ. మా యమ్మ తిన్న బియ్యమే ఎయ్యాల."

అందరూ నావైపు చూస్తున్నారు. ఆ వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లందరి ఇళ్లలోనూ ఆ బియ్యం ఉండి ఉంటాయి, నా ఇంట్లో తప్ప. సన్నబియ్యం అరుగు మీద వొంపేసి, ఖాళీ గిన్నె పట్టుకుని వీధి దాటాను. లచ్చమ్మ గుమ్మం ముందు నిలబడి, కోటా బియ్యం గుప్పెడు ఉంటే పెట్టమ్మా అన్నాను. జీవితంలో ఆ బియ్యం నేను అడగడం అదే మొదలు. నీకేం అర్హత అని ఆవిడ అడగలేదు. కోళ్ల డబ్బా ఒంచి గిన్నె నిండా పోసింది.

"గుప్పెడు సాల్దమ్మా. నీకూ ఉంచుకో," అంది.

అక్క నోట్లో గింజలు వేశాను. పెదవులు మూసుకుపోయి ఉన్నాయి, రెండు జారి చెంప మీద పడ్డాయి. వాటిని తీసి మళ్లీ పెట్టాను. ఇన్నేళ్లలో ఆవిడకు నేను పెట్టిన తిండి అదే.

మొన్న ఆ మిగిలిన బియ్యం నానబోశాను. గౌరిని అడిగి ఆవిడ మూకుడే తెచ్చుకున్నాను. రవ్వ పట్టించి, మినప్పిండి కలిపి, సన్నని సెగ మీద కాల్చాను. అడుగు ఎర్రగా వచ్చింది, పెళుసుగా వచ్చింది. వాసన కూడా అదే. మా ఆయన ఒక ముక్క తుంచుకుని చాలాసేపు నమిలారు. నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను.

"బాగుంది," అన్నారు. కండువాతో కళ్లొత్తుకుని, "వదిన రొట్టె కాదు," అన్నారు.

పైడమ్మక్కా, నువ్వు లేని లోటును ఎవరూ తీర్చలేరని ఇలాంటి వ్యాసాల చివర రాయడం మర్యాద. మిగతావాళ్లు మర్యాదకు రాస్తారు. నేను రొట్టె కాల్చి చూసి రాస్తున్నాను. నీ పాదాలకు నమస్కారం. పోయాక కూడా నువ్వే గెలిచావు, నాకు కడుపు మండిపోతోంది. ఇక ఆదివారం పొద్దున మా ఆయన పేపరు మడిచి ఎక్కడికి వెళ్తారు? నేనెవరిని చూసి ఏడవను?