పండు ముందా, రంగు ముందా?

డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు భయపడటం తప్ప వేరే పని రాదు. బస్సులో కండక్టరు చిల్లర అడిగితే భయం. ఎదురింటి అక్క "ఏం చేస్తావుండావమ్మా?" అని పలకరిస్తే ఇంకా భయం. (ఏ పనీ లేనివాళ్ళకి ఆ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.) నాయన పనిచేసే మిల్లు మూతపడి అప్పటికే చాలా కాలమైంది. మా అత్త, అంటే నాయనకి అక్క, తేల్చి చెప్పేసింది. "ఈ ఇస్కూలు పని రాకపోతే చుమ్మా ఊరికే ఇంట్లో కూచోబాక. మేట్టుపాళయంలో సబ్బుల ప్యాకింగుకి నాతో వచ్చేయి." ఇంగ్లీషు సాహిత్యం చదివి సబ్బులకి కాగితం చుట్టడమా అని లోలోపల కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. (అత్త ఏళ్ళ తరబడి అవే సబ్బులు చుట్టి మా అందరికీ అన్నం పెడుతోందన్న సంగతి ఆ ఏడుపులో గుర్తురాలేదు.)

నేను టీచరు పని అడిగిన బడి మా ఊళ్ళోనే, ఒర్లియంపేటలో. ఉద్యోగం ఇవ్వాలంటే ముందు డెమో క్లాసు చెప్పి చూపించాలి. అంటే మనం పిల్లలకి పాఠం చెబుతుంటే బడి నడిపే కరస్పాండెంటు వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. ఆయన వరండాలో నడిస్తే ఈగ కూడా వాలదు గనక పిల్లలు ఆయనకి సైలెన్స్ సార్ అని పేరు పెట్టుకున్నారట. నెల్లితోపులో టౌన్ బస్సెక్కినప్పటినుంచీ ఇంగ్లీషు వాక్యాలు వల్లెవేసుకుంటూనే ఉన్నాను. నాకిచ్చింది మూడో తరగతి, పాఠం రంగులు. గోడ మీద, ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడరాదని ఇంతలేసి అక్షరాలతో బోర్డు.

రెడ్, బ్లూ, గ్రీన్ దాకా బండి బాగానే నడిచింది. ఆరెంజ్ అనగానే ముందు బెంచీలోని రెండు జడల పిల్ల లేచి, "మిస్, ఫ్రూట్ ఫస్టా, కలర్ ఫస్టా?" అంది. జవాబు నాకు తెలుసు. కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను. కానీ సరిగ్గా అప్పుడే సైలెన్స్ సార్ కళ్ళజోడు పైకి తోసుకుని నావైపు చూశారు. అంతే, నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. చేతిలో సుద్దముక్క విరిగింది. భయమేస్తే ఎవరైనా అమ్మా అనే కదా అరుస్తారు. నా నోట్లోంచి కూడా అమ్మ దగ్గర నేర్చుకున్న భాషే వచ్చింది.

"కాయే ముందురా! అది మన పక్కది. మీ ఇంట్లో నార్తంకాయ, అదే దబ్బకాయ, ఊరగాయ ఉంటాదే, దాని వంశమే. మనోళ్ళు నారంగం అనేవోళ్ళు. అది ఓడెక్కి పారసీకుల కాడికి పోయింది, ఆడ్నించి అరబ్బుల కాడికి పోయింది. వాళ్ళు నారంజ్ అన్నారు. ఊళ్ళన్నీ తిరిగి ఫ్రెంచోళ్ళ నోట్లో పడేసరికి ముందరుండే 'న' రాలిపోయి ఒరాంజ్ అయింది. వాళ్ళ కాడ ఇంగ్లీషోళ్ళు తీసుకున్నారు. అప్పటిదాకా ఇంగ్లీషోళ్ళకి ఈ రంగుకి సొంత పేరే లేదు, పసుపెరుపు అని ఏదో సద్దుకునేవోళ్ళు. పండొచ్చినాక దాని పేరే రంగుకి పెట్టేసినారు!"

ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. (తమిళానికీ మా తెలుగుకీ మధ్య ఉన్నది పిట్టగోడే గనక చాలావరకు అర్థమైనట్టుంది. మిగతాది చేతులు తిప్పుతూ చెప్పాను.) అంతా చెప్పాక గోడ మీద బోర్డు కనిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సైలెన్స్ సార్ లేచి ముందుకు వస్తున్నారు. ఆయన బెంచీలు దాటుతున్నకొద్దీ నా కళ్ళ ముందు సబ్బుల గుట్టలు పెరుగుతున్నాయి. కానీ ఆయన నాతో మాట్లాడలేదు. రెండు జడల పిల్ల ముందు ఆగి, మిస్ ఏం చెప్పిందని ఇంగ్లీషులో అడిగారు.

ఆ పిల్ల ఇంగ్లీషులోనే గడగడా అప్పజెప్పింది. పండే ముందు సార్, మన పండు ఓడలో పోయింది సార్, దారిలో దాని ఎన్ అక్షరం సముద్రంలో పడిపోయింది సార్, అని. "మునిగిపోయింది సార్" అని పక్కనున్నవాడు దిగులుగా అందించాడు.

సైలెన్స్ సార్ ఆ పిల్లాడి వైపు వంగారు. "ఎవరూ దూకి తియ్యలేదా?" అన్నారు. నవ్వడానికి క్లాసులో ఎవరికీ ధైర్యం చాలలేదు, నాకు అసలే చాలలేదు. అప్పుడు నావైపు తిరిగి, "సోమవారం నుంచి రండి. ఇంగ్లీషు మాట్లాడటం ఈ పిల్లల దగ్గర నేర్చుకోండి" అని వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి చెబితే అత్త, "ఇంత బెదురుగొడ్డుకి పని ఎట్టిచ్చినాడమ్మా ఆ మనిషి!" అని ఆశ్చర్యపోతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు అదే బడిలో హెడ్ మిస్ట్రెస్ ని, ఆ వెనక బెంచీలో కూర్చునేది నేనే. డెమో క్లాసుకొచ్చే ఆడపిల్లల బెదురు చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. పాపం, ధైర్యంగా ఉంటుందని నవ్వుతాను. మొన్నొక అమ్మాయి నేను నవ్వగానే చెప్పబోయే మాట మింగేసి కొయ్యబారిపోయింది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని బుజ్జగించి అడిగితే, "మీరు నవ్వారు కదా మేడమ్, ఇంక నా పని అయిపోయిందనుకున్నా" అంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి ఆ నవ్వే మళ్ళీ నవ్వి చూసుకున్నాను. ఆ పిల్ల తప్పేమీ లేదు, నాకే భయమేసింది.