చీరల బేరం, ఇంజనీరింగ్ సీటు

ఈ కథ విన్నాక మీరు నన్ను తిట్టుకుంటారు. పర్వాలేదు, కాకపోతే వరసలో నిలబడాలి. మీకంటే ముందు మా ఆవిడ ఉంది, ఆమె వెనక మా అమ్మాయి ఉంది, ఆ వెనక పెద్దారవీడు నుంచి మోటారుసైకిల్ మీద దుమ్ము రేపుకుంటూ వచ్చిన పుల్లారెడ్డి ఉన్నాడు. ఒక్క సలహాతో, ఒక్క పూటలో, రెండు కుటుంబాలను తలకిందులు చేసిన ఘనత మార్కాపురం మొత్తం మీద నాకు తప్ప ఇంకెవరికీ లేదని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

నా పేరు రమణయ్య. మార్కాపురం బజారులో నాకు చీరల దుకాణం ఉంది. కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి హారిక ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగా, వాళ్ళ కాలేజీ పిల్లల తల్లిదండ్రులంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పరీక్షల తేదీలు తెలుసుకోవడానికని పెట్టాం. వారం తిరక్కముందే అది ఆసుపత్రి అయింది, వంటిల్లు అయింది, సగం వాస్తు కార్యాలయం కూడా అయింది. "మా పిల్లకు తలనొప్పి, ఏం చేయాల?" అని ఒక తల్లి అడిగితే, ఒకరు ధనియాల కషాయం అంటారు, ఒకరు కళ్ళజోడు అంటారు, ఒకరు దిష్టి తీయమంటారు. ఇంకొకాయన ఏమీ చెప్పలేక గులాబీ పువ్వు పెట్టి శుభోదయం అంటాడు, సాయంత్రం నాలుగింటికి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడక్కపోయినా సలహా పెట్టేవాణ్ణి నేను. మొదట్లో బిడియంగానే ఉండేవాణ్ణి. నన్ను పాడుచేసింది చీమలు. గిద్దలూరు నుంచి ఒకావిడ వంటింట్లో చీమలు పోవడం లేదని రాస్తే, పసుపు, కర్పూరం కలిపి చల్లమన్నాను. మూడో రోజు ఆమె, "అన్నా, ఒక్క చీమ లేదు! మీ చెయ్యి మంచిది" అని రాసింది. ఆ వంటింటికి ఆ వారమే సున్నం వేయించారని నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. అప్పటికి కీర్తి తలకెక్కి కూర్చుంది, దిగమంటే దిగదు.

ఇక ఆగలేదు. బకెట్లకు పట్టిన బోరునీళ్ళ చారలకు సలహా, అత్తగారి మోకాళ్ళకు సలహా, పిల్లల జ్ఞాపకశక్తికి సలహా. పరీక్షల నెలలో పిల్లలకు పెరుగు పెట్టొద్దు, నిద్ర ముంచుకొస్తుంది అని గ్రూపులో శాసనం చేసి, ముందుగా మా ఇంట్లోనే అమలు చేశాను.

"నీవు రెండు పూటలా పెరుగన్నమే తింటావు గదా నాయనా?" అంది హారిక.

"అందుకే తల్లీ, నేను ఎంసెట్ రాయలేదు!"

పెరుగు లేకపోయినా, నేను ఉన్నా, పిల్ల పరీక్ష బాగా రాసింది. మంచి ర్యాంకు వచ్చింది. ఇక మిగిలింది కౌన్సెలింగ్. ఏ కాలేజీలు కావాలో వరస నంబర్లు వేసి కంప్యూటర్లో ఎక్కించాలి. ఒకటో నంబరు కాలేజీలో సీటుంటే అది ఇస్తారు, లేకపోతే రెండోది చూస్తారు, ఇలా కిందికి పోతారు. ఇంత చిన్న సంగతి. ఎడ్లబండి తోలేవాడికైనా అర్థమవుతుంది. మీకు అర్థమైంది కదా? అయితే మీరు నాకంటే తెలివైనవాళ్ళు.

హారిక మూడు రోజులు కూర్చుని, సీనియర్లను అడిగి, ఒక కాగితం మీద ముప్ఫై రెండు కాలేజీలు రాసింది. ఒకటోది గుంటూరులో తను కలలుగన్న కాలేజీ. ముప్ఫై రెండోది శ్రీకాకుళం అవతల ఎక్కడో ఉంది. ఏదీ రాకపోతే అదైనా వస్తుందని భద్రత కోసం రాసింది. ఎక్కించడానికి గడువు ముగిసే రోజే తనూ వాళ్ళమ్మా కంభంలో పెళ్ళికి పోవాలి. బయల్దేరుతూ కాగితం నా చేతిలో పెట్టింది.

"ఇందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించు నాయనా. ఏమీ మార్చొద్దు."

"నేనెందుకు మారుస్తా తల్లీ!"

ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు. పాపం గంట తరువాత అర్ధవీడు నుంచి చీర కొనడానికి వచ్చింది.

ఆ ఊరావిడ ఒకామె దుకాణంలోకి రాగానే ఒక గోధుమరంగు చీర తీసి బేరం మొదలుపెట్టింది. గంటసేపు దాన్ని మడతలు విప్పింది, అంచు గోకింది, ధర తగ్గించమంది, మాటల్లో నా తాతముత్తాతల దాకా పోయింది. నాకు నోరెండిపోయింది. చివరికి "వద్దులే" అని లేచి, గడప దగ్గర ఆగి, చిలకపచ్చ చీర ఒకదాన్ని వేలితో తాకి, "ఇదెంత?" అంది, పోయే దారిలో కనబడిందన్నట్టు. ఆమె పోతే చాలని అడిగిన ధరకే ఇచ్చేశాను. ఆమె మెట్లు దిగాక గాని నాకు వెలగలేదు. ఆ మహాతల్లి వచ్చిందే ఆ పచ్చచీర కోసం!

అంతే. నా బుర్రలో మెరుపు మెరిసింది. ఇష్టం బయటపెడితే బేరం చెడుతుంది! గుంటూరు కాలేజీ కావాలని ఒకటో నంబర్లోనే రాస్తే, ఆ పైవాళ్ళు 'ఓహో, వీళ్ళకు ఇదే కావాలన్నమాట' అని బిగుసుకుపోరా? అందుకని ముందు అక్కర్లేనిది చూపించాలి. అసలుది చివర్లో, గడప దగ్గర తాకాలి.

కాగితం తీసుకుని నేరుగా ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాను. అది నడిపే మస్తాన్ భాయ్ నా వయసువాడే, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంటుంది. నేను చెబుతుంటే ఎక్కిస్తూ ఆగిపోయాడు.

"అన్నా, శ్రీకాకుళం దిక్కుది ఒకటో నంబర్ల పెట్టమంటావేంది? కాయితంలో ఆఖర్న ఉండాది."

"భాయ్, నీకు కంప్యూటర్ తెలుసు. నాకు మనుషులు తెలుసు."

"అవతల ఉండేది గూడా కంప్యూటరే గదన్నా."

"దాన్ని చేసింది మనిషే గదా!"

మస్తాన్ భాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ముప్ఫై రెండింటినీ తిరగేసి ఎక్కించాడు. నాలాంటి తండ్రులను చాలామందిని చూసినవాడిలా ఉన్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఒక్క ఇల్లే మునిగేది. కానీ పరోపకారం నా రక్తంలో ఉంది. మెట్లు దిగుతూనే గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను: "తల్లిదండ్రులందరికీ నమస్కారం. కావాల్సిన కాలేజీ ఆఖర్న పెట్టండి. కారణం ఇప్పుడు చెప్పను, ఫలితం వచ్చినాక మీరే దండ తెస్తారు." దేవుడి దయవల్ల చాలామంది అప్పటికే ఎక్కించేశారు. మిగిలింది పెద్దారవీడు పుల్లారెడ్డి. మిరప, కంది వేసే రైతు. వాళ్ళమ్మాయి మౌనిక, మా హారిక ఒకే బెంచీ. వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నా, మా మౌనిక విశాఖపట్నం పోతానని ఒకటే పోరు. అంత దూరం నేను పంపను. మన మార్కాపురం పక్కన కాలేజీ చాలు, పొద్దున పోయి మాపటికి ఇంటికొస్తది. ఏం చేయాల?"

"విశాఖపట్నం ఒకటో నంబర్ల పెట్టు. మార్కాపురం ఆఖర్న పడేయి, ఇష్టం లేనట్టు."

"అట్లయితే మార్కాపురం వస్తదా?"

"రాకపోతే నన్నడుగు!"

గంట తరువాత మళ్ళీ ఫోన్. "అన్నా, నీ మాటలో ఏదో మహత్తు ఉండాది. నేనేం చెప్పినా ఎదురుచెప్పే పిల్ల, 'పెదనాయన చెప్పినాక ఇంకేముంది నాయనా, అట్లే పెడదాం' అని తనే దగ్గరుండి ఎక్కించింది!"

"పెద్దల మాట విలువ తెలిసిన పిల్ల" అన్నాను నేను, కళ్ళు చెమర్చి.

సీట్లు ఇచ్చిన రోజు మధ్యాహ్నం దుకాణంలో ఉండగా మా ఆవిడ పద్మ ఫోన్ చేసింది. "ఒకసారి ఇంటికి రండి." అంతే. ముందు 'ఏమండీ' లేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో 'ఏమండీ' లేని పిలుపు నేను వినలేదు.

ఇంట్లో హారిక చాప మీద కూర్చుని ఉంది. ముందు ఆ కాగితం, పక్కన ఫోను.

"నాయనా, కాయితంలో ఉన్నవి అన్నీ ఎక్కించినావా?"

"అన్నీ ఎక్కించినా తల్లీ. ఒక్కటి వదల్లేదు."

"వరస?"

"వరస... కొంచెం..."

"కొంచెం?"

"తిరగేసినా."

నేను గబగబా అర్ధవీడు ఆవిడ గురించి, పచ్చచీర గురించి, బేరం రహస్యం గురించి చెప్పుకుపోయాను. చెబుతున్నకొద్దీ ఆ తెలివి నాకే పీలికలు పీలికలుగా కనబడసాగింది.

"ఆయమ్మ కొన్నది చీర" అంది పద్మ. "నచ్చకపోతే మార్చుకుంటది. ఇది పిల్ల బతుకు."

హారిక ఏడ్చి గోల చేసి ఉంటే బాగుండేది. చేయలేదు. కాగితం వంక చూస్తూ, "రెండేళ్ళు చదివినా నాయనా" అంది. అప్పటిదాకా నా తప్పులన్నీ నవ్వి దాటేసినవే. ఆ ఒక్క మాటను మాత్రం దాటలేకపోయాను. గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను.

సరిగ్గా అప్పుడు వీధిలో మోటారుసైకిల్ ఆగింది. పుల్లారెడ్డి, వెనక మౌనిక.

"అన్నా! విశాఖపట్నం ఇచ్చినారు!" పుల్లారెడ్డి గొంతు వీధి చివర పాలబూతు దాకా వినిపించింది. "రాకపోతే నన్నడుగు అంటివి. అడిగేదానికి వచ్చినా! ఆఖర్న పెట్టిన మార్కాపురం ఏమాయె?"

నేను నోరు తెరిచేలోగా హారిక లేచి మౌనిక ముందు నిలబడింది.

"ఒకటో నంబరంటే ఏందో నీకు తెలుసు గదే?"

మౌనిక నేల చూపులు చూసింది. "తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ నాయన మాకు చెప్పినాడు గాని, నీ కాయితం గూడా తిరగేస్తాడని నాకేం తెలుసు?"

పుల్లారెడ్డి ఆ పిల్ల వంక, ఈ పిల్ల వంక, చివరికి నా వంక చూశాడు. అతని ముఖంలో లెక్క మెల్లగా తేలుతోంది.

"అంటే... నీవు తెలిసే ఎక్కించినావా?"

"తెలిసే నాయనా." మౌనిక కళ్ళెత్తింది. "నెల రోజులు బతిమాలితి, వినకపోతివి. పెదనాయన ఒక్క మాట చెప్తే వింటివి. ఇంక నేనేం చేసేది?" అని, వచ్చి నా కాళ్ళకు దండం పెట్టింది. "మీ మేలు మరిచిపోను పెదనాయనా."

అంత సిగ్గుతో నేను ఎవరినీ ఎప్పుడూ దీవించలేదు.

పుల్లారెడ్డి నన్ను కొట్టాలో, కూతుర్ని కొట్టాలో తేలక అరుగు మీద కూలబడ్డాడు. పద్మ మంచినీళ్ళు ఇచ్చింది. నాలుగు గుక్కలు తాగి హారికను పిలిచి, "అమ్మా, నీవు చెప్పు. ఆ కాలేజీ అంత మంచిదా?" అన్నాడు.

తన సీటు శ్రీకాకుళం అవతల పడి ఉన్న పిల్ల, కళ్ళు తుడుచుకుని చెప్పింది: "చాలా మంచిది చిన్నాయనా. మా ర్యాంకులకు అది దొరకడమే అదృష్టం. పంపించండి. హాస్టల్లో మా సీనియర్లు ముగ్గురు ఉన్నారు, చూసుకుంటారు."

పుల్లారెడ్డి గ్లాసు కింద పెట్టాడు. "నీవు చెప్తున్నావు గనక పంపిస్తా" అని, నావైపు తిరిగి, "నీవు గూడా పంపమని అనొద్దన్నా. మళ్ళీ అనుమానం వస్తది" అన్నాడు.

ఆ మాటకు మొదట మౌనిక నవ్వింది. తరువాత పద్మ. చివరికి, ముక్కు ఎగబీల్చుకుంటూ హారిక. నన్ను చూసి నలుగురు నవ్వితే అంత హాయిగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

రెండో విడత కౌన్సెలింగ్ ఉండబట్టి బతికిపోయాను. ఈసారి హారిక తనే ఎక్కించింది. నన్ను వసారాలో కూర్చోబెట్టారు. కానీ నా ఫోనుకే కదా ఓటీపీ వచ్చేది! లోపలినుంచి కేక వినిపించింది.

"నాయనా, నంబరు చెప్పు. మొదటినుంచి చెప్పు, ఆఖరినుంచి కాదు!"

గుంటూరు కాలేజీ అప్పటికే నిండిపోయింది. కాగితంలో మూడోది, విజయవాడలోది వచ్చింది. అక్కడే చదువు ముగించి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. గుంటూరు మాట తను ఎత్తదు. నేను మాత్రం ఆ ఊరి మీదుగా బస్సులో పోయినప్పుడల్లా కిటికీ మూసుకుంటాను.

మొన్న ఒక తండ్రి దుకాణానికి వచ్చాడు. చీరలవైపు చూడకుండా నేరుగా నా ముందు కూర్చున్నాడు.

"రమణయ్యన్నా, మా పిల్ల కౌన్సెలింగ్. నీ సలహా కావాల."

గుండె పొంగింది. "ఇంకా నా మాట మీద నమ్మకం ఉండాదా?"

"గట్టి నమ్మకం అన్నా. నీవు ఏ కాలేజీ మంచిదంటే దాన్ని కొట్టేద్దామని వచ్చినా."

అందుచేత, మార్కాపురం చెన్నకేశవస్వామి సాక్షిగా, మా ఆవిడ ఎదురుగా, పూర్తి స్పృహలో ఉండి చేస్తున్న ప్రమాణం ఏమంటే: ఇకమీదట చదువు గురించి గాని, చీమల గురించి గాని, ఎవరి మోకాళ్ళ గురించి గాని, అడిగినా అడక్కపోయినా, ప్రాణం పోయినా సలహా ఇవ్వను. పిల్లలున్న ప్రతి తండ్రీ ఇలాంటి ప్రమాణం ఒకటి వెంటనే చేసుకోవాలని నా సలహా.