రెండో మంచం

ఆ రోజు వానకి రైళ్లు ఆగిపోయి చీరాలలో చిక్కుకుపోయాను. స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జిలో ఒక్క గదే మిగిలింది. రెండు మంచాల గది. అక్కడ అద్దె గదికి కాదు, మనిషికింత.

"ఒక్కరే ఉన్నా ఇద్దరి రేటు కట్టాలండి," అన్నాడు కౌంటర్‌లో ఉన్నాయన. "మంచం ఖాళీగా ఉంటే మాకు నష్టం కదండీ."

నా వెనక గుడ్డసంచీతో నిలబడ్డ పెద్దావిడ నెమ్మదిగా అడిగింది.

"మనిద్దరం తీసుకుందామా అమ్మా? ఎవరి డబ్బులు వాళ్లం ఇచ్చుకుందాం. మాది కొత్తపట్నం, బళ్లో ఆయాగా చేస్తన్నా."

ముక్కూమొహం తెలియని మనిషి. ఆమె వైపు చూడకుండా, గది నా ఒక్కదానికేనని చెప్పి ఇద్దరి డబ్బూ కట్టేశాను.

"సరేలేమ్మా," అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

గదిలోకి వెళ్లి, రెండో మంచం మీద నా తడి చీర ఆరేసుకున్నాను.

పొద్దున ప్లాట్‌ఫారం నిండా జనం. ఆమె ఒక బెంచీ చివర కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే గడిపినట్టుంది, కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. నన్ను చూసి సంచీ ఒళ్లోకి తీసుకుని, కాస్త జరిగింది.

"రామ్మా, ఇద్దరికి సరిపోద్ది."

కూర్చున్నాను. రైలు వచ్చేదాకా ఆమె పేరు కూడా అడగలేకపోయాను.