బాపు సీరం మీద మీగడ

సెంట్రిఫ్యూజ్ ఆగాక రక్తం గొట్టాలు ఒక్కొక్కటే బయటికి తీశాను. పన్నెండింటిలో పదకొండు బాగున్నాయి. ఎర్రటి గడ్డ పైన సీరం లేత పసుపు రంగులో తేటగా ఉంది. పన్నెండోది మాత్రం పాలలా తెల్లగా ఉంది. దాని మీద ఉన్నది మా బాపు పేరు.

గోదావరిఖనిలోని ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా నాకది మూడో నెల. బాపు బొగ్గుగని లోపల పనిచేస్తాడు. పది రోజుల్లో ఆయనకు గని కార్మికుల వైద్య పరీక్ష ఉంది. అందులో అన్‌ఫిట్ అంటే లోపలి పని పోతుంది, పైన ఏదో ఒక పని ఇస్తారు. ఇరవై ఆరేళ్లు కిందికి దిగిన మనిషికి అది శిక్షే. అందుకే ముందుగా ఒకసారి చూద్దామని, షిఫ్టు దిగి వస్తున్న ఆయన్ని ఆపి పరగడుపున రక్తం తీశాను.

ఆ తెలుపు చూశాక వైద్య పరీక్ష సంగతే మరచిపోయాను. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగితే క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు. నోట్‌బుక్ తీసి కారణాలు వరుసగా రాశాను: షుగర్, థైరాయిడ్, మద్యం, వంశపారంపర్యం.

మా సీనియర్ అక్క గొట్టాన్ని వెలుగుకెత్తి చూసింది.

"తమ్మి, కాక ఎప్పుడు తిన్నడు?"

"నిన్న తిన్నడట. ఫారంలో రాసిన."

"నిన్న ఎన్నింటికి?"

ఫారంలో గంట రాయలేదు. బాపు ఫోన్ ఆపి పడుకున్నాడు, రాత్రి నేను ఇల్లు చేరేలోపే మళ్లీ డ్యూటీకి పోతాడు.

"ఫ్రిజ్‌ల పెట్టు. పొద్దున చూద్దాం. అందాక ఆయన్ని బెదిరియ్యకు."

ఆమె ఎందుకలా అన్నదో నాకు తెలుసు. కొవ్వు రక్తంలో కరగదు. అందుకే పేగు తిన్న కొవ్వుకు ప్రోటీన్ల పొర చుట్టి కైలోమైక్రాన్లనే కణాలుగా చేసి, శోషరస నాళాల గుండా రక్తంలోకి పంపుతుంది. కండరాలకు వెళ్లే సన్నని నాళాల గోడల మీద ఒక ఎంజైమ్ ఆ కొవ్వును దింపుకుంటుంది. మిగిలిన ఖాళీ కణాలను కాలేయం తీసుకుంటుంది. కాలేయం కూడా సొంతంగా కొవ్వును కణాలుగా కట్టి పంపుతుంది. అవి చిన్నవి, సీరమంతటా కలిసి ఉంటాయి. పేగు పంపినవి పెద్దవి, తేలికైనవి. కదిలించకుండా చల్లగా ఉంచితే పైకి తేలతాయి. తెల్లారేసరికి కింద తేటపడితే అది తిండి తెచ్చిన తెలుపు. గొట్టమంతా మబ్బుగానే ఉంటే లోపల ఏదో తేడా ఉన్నట్టు.

పొద్దున రాగానే ఫ్రిజ్ తలుపు తీశాను. గొట్టంలో పైన మీగడ. కింద తేటగా పసుపు రంగు.

అంతలో బాపు షిఫ్టు దిగి నేరుగా ల్యాబ్‌కే వచ్చాడు.

"బాపు, నిన్న రక్తమిచ్చే ముందు ఎన్నింటికి తిన్నవ్?"

"ఐదింటికి. మా దోస్తు రిటైరయిండు గదరా, ఆఖరి షిఫ్టని అందరికీ మటన్ తెచ్చిండు. కిందనే తిన్నం."

"పొద్దున ఐదింటికా? నిన్న తిన్ననని చెప్తివి!"

"రాత్రి పదకొండుకు గనిల దిగినోని హాజరు ఏ తారీఖున పడ్తది? ఆ షిఫ్టుల తిన్నది ఆ తారీఖుదే. పైకొచ్చినంక నీ కోసం చాయ్ గూడ ముట్టలే."

అక్క పగలబడి నవ్వింది. "కాకా, తారీఖు మస్టరు బుక్కుకు తెలుస్తది. పేగుకేం తెలుస్తది?"

"నన్నంటవేందమ్మా, గీన్నడుగు. గనోని కొడుకై ఏ షిఫ్టని అడగడా?"

నిజమే. చిన్నప్పటి నుంచీ ఆ తారీఖుల లెక్కలోనే పెరిగాను. అయినా "నిన్న" అని రాసి ఊరుకున్నాను.

బాపు సెలవు రోజున పన్నెండు గంటలు తిండి ఆపించి మళ్లీ రక్తం తీశాను. సీరం తేటగా వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు కాస్త ఎక్కువే, నూనె తగ్గించమన్నారు డాక్టర్. ఇరవై ఆరేళ్లుగా వేళ కాని వేళ తిన్న ప్రతి ముద్దనూ ఆయన పేగు, నాళాలు, కాలేయం చేతులు మార్చుకుంటూ సర్దుతూనే ఉన్నాయి. వాటికి ఎలా దండం పెట్టాలో తెలియక, ఒక్క ప్రశ్నతో నన్ను ఆపిన అక్కకు పెట్టాను. ఆమె తిట్టింది.

ఇప్పుడు మా ఫారంలో చివరి భోజనం పక్కన గంట, దాని పక్కన షిఫ్టు రాస్తున్నాను.

వైద్య పరీక్ష రోజు దవాఖాన గేటు బయట నిలబడ్డాను. బాపు కాగితం ఊపుకుంటూ వచ్చాడు. ఫిట్.

"ఇగ చాయ్ తాగొచ్చునా, సారూ?" అన్నాడు.