అతిథికి గెడ ఇవ్వరు

నేను పుట్టింది రంగూన్లో. అమ్మానాన్నలది ఈ దేశమే అయినా నాకు మాత్రం ఇది పరాయి దేశమే. పంతొమ్మిది వందల ముప్ఫైలలో, నాకు ఇరవయ్యేళ్లప్పుడు, మిషను వారు నన్ను కొల్లేటి లంకలో పంతులమ్మగా వేశారు.

బస చేపలు పట్టే వాళ్లింట్లో. ఒక మామ్మ, ఆవిడ కొడుకు, నెలలు నిండుతున్న కోడలు. మామ్మ మర్యాదలతో నా ప్రాణం తీసేది. చెంబు ముట్టుకుంటే లాక్కుని తనే నీళ్లు ముంచిచ్చేది. నాకు ముందుగా, విడిగా పీట వేసి వడ్డించేది. తర్వాత వాళ్లు ముగ్గురూ కబుర్లాడుకుంటూ తింటుంటే ఇవతల కూర్చుని కుళ్లుకునేదాన్ని.

బడి పక్క లంకలో ఉంది. ఇంట్లో రెండు దోనెలున్నా, గెడ నీటి అడుక్కి పొడిచి తోస్తూ నడిపేది కొడుకొక్కడే. పొద్దున్నే నన్ను బడి దగ్గర దింపి, అప్పుడు నీళ్లలో తను పెట్టిన చేపల బుట్టలు ఎత్తడానికి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి ఏలూరు బేరగాళ్లు వెళ్లిపోయేవారు. పాపం, ఒక్క మాట అనలేదు. కోడలే నోరు జారింది. మాకు కష్టంగా ఉందని మామ్మ ఏలూరుకి కబురు పెట్టిందట. శనివారం మిషను పెద్దాయన వచ్చి నన్ను తీసుకుపోతారట. అంటే బడి మూసేసినట్టే. ఏడుపొచ్చింది, దాన్ని మించి కోపమొచ్చింది. గెడ నాకివ్వండి, నేనే వెళ్తానన్నాను. ఇంటికొచ్చిన మనిషి చేత గెడ పట్టిస్తే లంకలో తలెత్తుకోలేమంది మామ్మ.

నాకసలే మొండితనం. ఆవిడ కునుకు తీస్తుండగా దోనె విప్పాను. నాలుగు బారలు వెళ్లానో లేదో గెడ బురదలో దిగబడింది. నేను వదల్లేదు. దోనె ముందుకి పోయింది, నేను గెడ పట్టుకు వేలాడి వేలాడి నీళ్లలో పడ్డాను. చప్పుడుకి లేచొచ్చిన మామ్మ గట్టు మీద కూలబడి మరీ నవ్వింది. నవ్వి నవ్వి, చీర ఎగదోపి నీళ్లలోకి దిగింది.

"లాగకూడదండీ, ముందు మెలి తిప్పాలి. రాకపోతే వదిలెయ్యాలి," అంది.

నిలువెల్లా బురదతో నిలబడ్డ మనిషికి మర్యాదలు చెయ్యడం ఆవిడ వల్ల కాలేదు. ఆ పూట నాకు పీట వెయ్యలేదు. కోడలి పక్కన కింద కూర్చుని చేపల పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. అంత తిండి నేనెప్పుడూ తినలేదు.

నాలుగు రోజులు సాధన చేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

శనివారం పెద్దాయన్ని తేవడానికి రేవుకి దోనె తీసుకెళ్లింది నేనే. దోనె మనిషి ఏడీ అని పెద్దాయన అడిగారు. నేనేనండీ అన్నాను. దారి పొడుగునా ఆయన రెండు చేతులా దోనె అంచులు పట్టుకునే కూర్చున్నారు. నాకు మాత్రం పాడుకోవాలన్నంత సంబరంగా ఉంది.

గట్టు మీద మామ్మ ఎదురొచ్చింది.

"తప్పు కబురు పెట్టానండీ అయ్యగారూ. పంతులమ్మగారిని పంపలేను. కోడలికి రేపో మాపో నొప్పులొస్తాయి. మావాడు చేపలకెళ్లినప్పుడు మంత్రసానిని తేవద్దా అండీ? ఇంట్లో గెడ వెయ్యగలిగిన మనిషి ఇంకెవరున్నారు?"